పసిగట్టే చదువు

"వాడు సంగతి ముందే పసిగట్టాడు", "మా అమ్మ నా అబద్ధాన్ని ఇట్టే పసిగట్టేసింది" అని మనం రోజూ అంటూనే ఉంటాం. ఈ ‘పసి’ అంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? ఇది పసిపిల్లల పసి కాదు. పసి అంటే వాసన. జంతువో మనిషో నడిచి వెళ్లిన చోట మిగిలిపోయే వాసన. దాన్ని ముక్కుతో పట్టుకోవడమే పసిగట్టడం. అంటే తెలియకుండానే మనమంతా వేటకుక్కల భాష మాట్లాడుతున్నామన్నమాట!

పల్నాడులో ఈ మాటకు అర్థం పుస్తకాల్లో వెతుక్కోనక్కర లేదు. పడమటి వైపు మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతాలు నల్లమల అడవిని ఆనుకొని ఉంటాయి. కొండలు, తుప్పలు, మెట్టచేలు, బీళ్లు. ఇలాంటి నేల మీద ఒకప్పుడు వేటకుక్క మనిషికి కుడిచేయి. నల్లమల చెంచులు విల్లంబులతో, కుక్కలతో వేటాడి బతికేవారు. 1940 ప్రాంతంలో చెంచుల మధ్య ఉండి వారి జీవితాన్ని పరిశీలించిన హైమన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1943లో వారి మీద ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

ఆ కాలం పోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చట్టం ప్రత్యేకంగా అనుమతించిన అరుదైన సందర్భాల్లో తప్ప అడవి జంతువుల్ని వేటాడటం నేరం. చెవులపిల్లి మీదికి కుక్కను ఉసిగొల్పడం కూడా నేరమే. నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో అది పులుల రక్షిత ప్రాంతమైంది. ఆ అడవి అంచు పల్నాడు దాకా వస్తుంది.

వేట పోయింది కాని వేటకుక్క విద్య పోలేదు. నేడు ఆ విద్య తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి, దొంగల జాడ తీయడానికి, పులుల్ని చంపేవారిని పట్టుకోవడానికి పనికొస్తున్నది. మరి ఈ విద్యను కుక్కపిల్లకు ఎలా నేర్పుతారు? పుట్టుకతోనే అంత గొప్ప ముక్కు ఉన్న జంతువుకు వాసన చూడటం ఎవరైనా నేర్పాలా? ఇది మంచి ప్రశ్న. దానికి జవాబు తెలుసుకోవాలంటే ముందు అసలు జాడ అంటే ఏమిటో తెలియాలి.

జాడలో ఏముంటుంది?

మీరు ఒక చేనుగట్టు మీద నడిచి వెళ్లారనుకోండి. మీ కాళ్లకు చెప్పులున్నాయి. నేల గట్టిగా ఉంది. అడుగు ముద్ర కూడా పడలేదు. అయినా మీరు అక్కడ చాలా వదిలి వెళ్లారు.

మన చర్మం పైపొర ఎప్పటికప్పుడు సన్నని పొట్టులా రాలిపోతూ ఉంటుంది. ఒక్క నిమిషంలో వేలకొద్దీ రేణువులు రాలుతాయి. అవి కంటికి కనిపించవు. వాటికి చెమట, చర్మం మీది నూనె, బాక్టీరియా అంటుకొని ఉంటాయి. బాక్టీరియా ఆ చెమటను, నూనెను విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. ఈ కలయిక అందరిలో ఒకేలా ఉండదు. అందుకే మనిషి మనిషికీ వాసన వేరు.

ఇది జాడలో సగమే. మిగతా సగం మీ కాలి కింద నలిగిన నేలది. గడ్డి పరక నలిగితే పచ్చివాసన వస్తుంది. మట్టి పెళ్ల చితికితే లోపలి తేమ బయటికి వస్తుంది. తొలకరి చినుకులు పడగానే మట్టి వాసన గుప్పున కొడుతుంది కదా? మట్టిలోని బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం అందుకు ముఖ్య కారణం. కాలి కింద నేల చెదిరినప్పుడు కూడా ఇలాంటి వాసనలే కొద్దికొద్దిగా లేస్తాయి.

కాబట్టి జాడ అంటే ఒక వాసన కాదు, వాసనల కలగూరగంప. నడిచిన మనిషి వాసన, చెప్పుల వాసన, నలిగిన గడ్డి వాసన, చెదిరిన మట్టి వాసన అన్నీ కలిసి ఉంటాయి. ఇందులో ఏ వాసనను పట్టుకొని పోవాలి? శిక్షణ అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ముక్కు లోపలి యంత్రం

మనిషి ముక్కులో వాసనను గుర్తించే కణాలు లక్షల్లో ఉంటాయి. కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయని అంచనా. వాసన అణువుల్ని పట్టుకొనే గ్రాహకాల్లో ఎన్నో రకాలున్నాయి. వాటిని తయారుచేసే జన్యువులు మనలో సుమారు 400 పనిచేస్తుంటే, కుక్కలో సుమారు 800 పనిచేస్తాయి. ఈ జన్యువుల కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అందుకు వారికి 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

కణాల సంఖ్య ఒక్కటే కాదు, ముక్కు నిర్మాణం కూడా విచిత్రమైనదే. మనం పీల్చిన గాలి ఊపిరికీ, వాసనకూ దాదాపు ఒకే దారిలో పోతుంది. కుక్క ముక్కులో అలా కాదు. లోపలికి పోగానే గాలి రెండు పాయలుగా చీలుతుంది. పెద్ద పాయ ఊపిరితిత్తులకు పోతుంది. సుమారు ఎనిమిదో వంతు మాత్రం ముక్కు వెనుక భాగంలో ఉన్న ప్రత్యేకమైన గదికి చేరుతుంది. వాసన కణాలు దట్టంగా ఉండేది ఆ గదిలోనే. అక్కడి గాలి కుక్క ఊపిరి వదిలినా వెంటనే కొట్టుకుపోదు. తరవాతి పీల్పు దాకా నిలుస్తుంది.

కుక్క ముక్కు చివర పక్కల చిన్న చీలికల్ని చూశారా? వదిలిన గాలి ఆ చీలికల గుండా పక్కలకు, వెనక్కు పోతుంది. లేకపోతే ఏమయ్యేది? ముందున్న వాసనను తన ఊపిరే ఊది చెదరగొట్టేది! కుక్క సెకనుకు 5, 6 సార్లు చిన్న చిన్న పీల్పులు పీలుస్తుంది. మనం పప్పుచారు వాసనను ఒకటిగా తెలుసుకుంటాం. కుక్క అదే గిన్నెలో చింతపండునూ, ఇంగువనూ, కరివేపాకునూ వేరువేరుగా పట్టగలదని పోల్చి చెప్పవచ్చు.

చూపు కుక్కలు, వాసన కుక్కలు

వేటకుక్కలన్నీ ఒకటి కావు. కర్ణాటకలోని ముధోల్ కుక్క, తమిళనాడులోని రాజపాళయం, చిప్పిపారై కుక్కలు సన్నగా, పొడుగ్గా, లోతైన ఛాతీతో ఉంటాయి. ఇవి ముఖ్యంగా చూపుతో వేటాడే జాతులు. కదిలే జంతువు కంటబడితే చాలు, బాణంలా దూసుకుపోతాయి. కాని అది తుప్పల్లో మాయమైతే వాటి సగం బలం పోయినట్లే.

బ్లడ్ హౌండ్, బీగిల్ లాంటివి వాసనతో వేటాడే జాతులు. అంత వేగం ఉండదు. ముక్కు నేలకు ఆనించి, గంటల తరబడి ఓపికగా పోతాయి. పోలీసులు ఎక్కువగా వాడే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ జాతులకు మంచి ముక్కుతోపాటు మనిషి మాట వినే గుణం కూడా ఉంది.

అయితే ఏ జాతి కుక్కకైనా ముక్కు ఉంది. ఊళ్లో తిరిగే మామూలు కుక్క కూడా మన ముందు ఘ్రాణశక్తిలో మహారాజే. జాతిని బట్టి తేడా వచ్చేది ముక్కులో మాత్రమే కాదు, పట్టుదలలో కూడా. దొరికిన వాసనను చివరిదాకా వదలకుండా పోవాలన్న కోరిక కొన్నింటిలో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ.

మొదటి పాఠం

కుక్కపిల్ల పుట్టినప్పుడు దాని కళ్లు మూసుకొని ఉంటాయి. చెవులు కూడా మూసుకొనే ఉంటాయి. కళ్లు తెరవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాని ముక్కు మొదటి రోజునుంచే పనిచేస్తుంది. తల్లి పొదుగు దగ్గరికి అది చేరేది ముఖ్యంగా వాసనతో, వెచ్చదనంతోనే. కాబట్టి వాసన చూడటం దానికి ఎవరూ నేర్పనక్కర లేదు.

నేర్పవలసింది మరొకటి. లోకంలో ఉన్న వేయి వాసనల్లో ‘ఇదిగో, ఈ ఒక్కటే ఇప్పుడు మన పని’ అని కుక్కకు తెలియజెప్పాలి. దానికి మాటలు రావు. మరి ఎలా?

రెండు మూడు నెలల వయసులో ఆటగా మొదలుపెడతారు. తెల్లవారుజామున, గడ్డి మీద మంచు ఇంకా ఆరక ముందు, శిక్షకుడు ఒక చోట నేలను కాళ్లతో బాగా తొక్కుతాడు. అక్కడినుంచి చిన్న చిన్న అడుగులతో 10, 15 మీటర్లు తిన్నగా నడుస్తాడు. ఒక్కొక్క అడుగులో ఒక చిన్న మాంసం ముక్క వేస్తాడు. చివర గుప్పెడు ముక్కలు పెడతాడు. తరవాత కుక్కపిల్లను తొక్కిన చోటికి తీసుకువచ్చి వదులుతాడు.

అది మొదట ముక్క కోసమే ముక్కు దించుతుంది. ఒక ముక్క తిన్నాక అటూ ఇటూ వెతుకుతుంది. తొక్కిన వాసన ఉన్న చోటనే తిండి ఉన్నదనీ, తొక్కని చోట లేదనీ కొద్ది రోజుల్లో గ్రహిస్తుంది. జంతువు చేసిన ఏ పనికి మంచి ఫలితం వస్తే ఆ పనిని అది మళ్లీ మళ్లీ చేస్తుంది. ఈ సూత్రాన్ని 1898లో థార్న్‌డైక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. కుక్కపిల్ల చదువంతా ఈ సూత్రం మీదనే నడుస్తుంది.

తరవాత మెట్టుకొక కష్టం చేరుస్తారు. ముక్కలు ప్రతి అడుగులో కాక మూడడుగులకొకటి వేస్తారు. తరవాత పదడుగులకొకటి. చివరికి జాడ కొసన మాత్రమే. తిన్నని దారి అలవాటయ్యాక ఒక మలుపు పెడతారు. మలుపు దగ్గర కుక్కపిల్ల తన జోరులో కొంత దూరం ముందుకు పోతుంది. హఠాత్తుగా వాసన లేదు! తల ఎత్తుతుంది. వెనక్కి వస్తుంది. చిన్న వలయం తిరుగుతుంది. మళ్లీ జాడ దొరకగానే దాని తోక, చెవులు, ఊపిరి అన్నీ మారిపోతాయి. ఆ మార్పును శిక్షకుడు గుర్తుపెట్టుకుంటాడు. ఎందుకంటే కుక్క మాట్లాడే భాష అదే.

ఆ పైన జాడ వేశాక అరగంట ఆగి, గంట ఆగి కుక్కను వదులుతారు. జాడకు అడ్డంగా మరొకరిని నడిపిస్తారు. మేకలు పోయిన దారిని దాటిస్తారు. ఒక చెవులపిల్లి అడ్డం దూకవచ్చు. కుర్ర కుక్కకు ఇదే అసలు పరీక్ష. అది అటు లాగితే శిక్షకుడు కొట్టడు, అరవడు. తాడు పట్టుకొని కదలకుండా నిలబడతాడు. ఎందుకంటారా? కొడితే ఆ దెబ్బ ఎందుకు పడిందో కుక్కకు తెలియదు. ‘జాడ పట్టినందుకే కొట్టారు’ అనుకున్నా అనుకోవచ్చు. తనంతట తానే అసలు జాడకు తిరిగి వచ్చినప్పుడు మెచ్చుకోలు, తిండి దొరుకుతాయి. ఆ తేడా దానికి బాగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి. పాఠం పొడుగ్గా ఉండకూడదు. కొద్ది నిమిషాలు చాలు. అదీ కుక్క గెలిచిన తరవాతే ఆపాలి. ఓడిపోయి అలసిపోయి ఇంటికి వెళ్లిన కుక్కపిల్లకు మరునాడు పాఠం మీద ఇష్టం ఉండదు. ఈ విషయంలో మీకూ దానికీ తేడా లేదు కదా!

ముసలి కుక్క వెంట కుర్ర కుక్కను పంపి నేర్పడం వేటగాళ్ల పాత పద్ధతి. అది సులువైన పద్ధతే కాని అందులో ఒక చిక్కుంది. కుర్ర కుక్క జాడ వెంట పోవడానికి బదులు ముసలి కుక్క వెంట పోవడం నేర్చుకుంటుంది. పక్కవాడి పలక చూసి లెక్కలు చేసినట్లు. అందుకే ముసలి కుక్క తోడు లేకుండా ఒంటరిగా కూడా దానికి పాఠాలు చెప్పాలి.

జాడ ఎటు పోయింది?

ఒక జాడ మధ్యలో కుక్కను నిలబెట్టారనుకోండి. మనిషి ఎడమకు పోయాడా, కుడికి పోయాడా? వాసన రెండు వైపులా ఉంది. తప్పు వైపు పోతే కుక్క మనిషి బయలుదేరిన చోటికి చేరుతుంది.

నార్వేలోని ఓస్లోలో శాస్త్రజ్ఞులు ఈ విషయం పరీక్షించి 1993లో ఫలితాలు ప్రకటించారు. నాలుగు జర్మన్ షెపర్డ్ కుక్కల్ని తీసుకొని, వాటి ముక్కు దగ్గర మైక్రోఫోను అమర్చి పీల్పులు లెక్కపెట్టారు. కుక్క ముందు వేగంగా వెతికింది. జాడ తగలగానే వేగం తగ్గించింది. 2 నుంచి 5 అడుగుల ముద్రల్ని 3 నుంచి 5 సెకన్ల పాటు వాసన చూసింది. అంతే, సరైన వైపు తిరిగి సాగిపోయింది.

2005లో ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు శాస్త్రజ్ఞులు ఇంకొంచెం ముందుకు పోయారు. దిశ చెప్పడానికి ఎన్ని అడుగులు కావాలి? వరసగా 5 అడుగులు ఉంటే కుక్కలు చెప్పగలిగాయి. 3 మాత్రమే ఉంటే చెప్పలేకపోయాయి. మొదటి అడుగుకూ, అయిదో అడుగుకూ మధ్య కాలం కొద్ది సెకన్లే. ఆ కొద్ది సెకన్లలో వాసనలో వచ్చిన మార్పును కుక్క తూచి చూస్తున్నదన్నమాట. మన దగ్గర అంత సున్నితమైన తరాజు ఉందా?

పల్నాటి నేల పెట్టే పరీక్ష

ఓస్లో ప్రయోగంలో మరో విశేషం ఉంది. పచ్చిక మీద 20 నిమిషాల నాటి జాడను కూడా కుక్కలు సరిగా చదివాయి. సిమెంటు నేల మీద పరీక్షించింది 3 నిమిషాల నాటి జాడతోనే. రాతి నేల మీద నలిగే ఆకులేదు, చితికే మట్టి లేదు. రాలిన రేణువులు గాలికి కొట్టుకుపోతాయి.

ఇప్పుడు పల్నాడును తలచుకోండి. శ్రీనాథుడు చెప్పాడని ప్రసిద్ధమైన పల్నాటి చాటుపద్యంలోనే నాపరాళ్ల ప్రస్తావన ఉంది. మాచర్ల వైపు ఆ నాపరాయి నేలలు నేటికీ చూడవచ్చు. రెంటచింతల పేరు వేసవిలో వాతావరణ వార్తల్లో మీరు వింటూనే ఉంటారు. కాలిన రాతి మీద వాసన త్వరగా ఆవిరై పోతుంది. ఎండలో కుక్కకు మరో ఇబ్బంది కూడా ఉంది. దానికి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక చాపి, వగర్చి ఒళ్లు చల్లబరుచుకోవాలి. వగరుస్తూ ఉన్నంతసేపు ముక్కుతో శ్రద్ధగా వాసన పీల్చలేదు. అందుకే ఇలాంటి చోట జాడ పాఠాలకు తెల్లవారుజామే మేలు. మంచు తడి ఉన్న గడ్డి వాసనను నిలుపుతుంది, కుక్కా చల్లగా ఉంటుంది.

కారం సంగతి కూడా చెప్పుకోవాలి. పల్నాడు మిరప పంటకు పేరుపొందిన చోటు. దొంగలు పోలీసు కుక్కకు జాడ దొరకకుండా కారం చల్లి పోయారని పత్రికల్లో చదివే ఉంటారు. కారం అసలు వాసనే కాదు! మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం మంటను, నొప్పిని తెలిపే నరాలను రేపుతుంది. ఆ నరాల్లోని గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. కారం తగిలితే కుక్క తుమ్ముతుంది, కళ్లలో నీళ్లు పెట్టుకుంటుంది. కాని దొంగ ఊరంతా కారం చల్లలేడు కదా! తెలిసిన శిక్షకుడు కారం ఉన్న చోటును వదిలేసి, దాని చుట్టూ దూరంగా కుక్కను తిప్పుతాడు. అవతలి వైపు జాడ మళ్లీ తగిలే అవకాశం ఉంటుంది.

పన్నెండుమంది అడుగులు, ఒకే మనిషి

ఒకే వాసనకు కట్టుబడటం అంటే ఏమిటో చూపే పాత ప్రయోగం ఒకటి ఉంది. 1887లో జార్జి రోమేన్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు దాన్ని ప్రకటించాడు. తన ఇంటి దగ్గర ఉన్న మగవాళ్లందరినీ పిలిచి, తానే ముందు నిలబడి, 12 మందిని ఒకరి వెనక ఒకరు నడిపించాడు. ప్రతివాడూ ముందువాడి అడుగులోనే అడుగు వేయాలి. 200 గజాలు పోయాక రోమేన్స్ అయిదుగురితో కుడికి తిరిగాడు. మిగతావాళ్లు ఎడమకు తిరిగారు. అందరూ దాక్కున్నారు.

అప్పుడు రోమేన్స్ పెంపుడు కుక్కను వదిలారు. అందరికంటె ముందు పడిన తన యజమాని అడుగుల మీద పదకొండుమంది తొక్కారు. అయినా కుక్క ఆ జాడ పట్టింది. దారి చీలిన చోట జోరులో కొంచెం ముందుకు పోయినా, వెంటనే సర్దుకొని కుడివైపే తిరిగింది!

రోమేన్స్ మరో పరీక్ష కూడా చేశాడు. తన బూట్లు వేరొకరికి తొడిగి నడిపిస్తే కుక్క ఆ కొత్తవాడి జాడ వెంటనే పోయింది. అంటే కుక్క కూడా మోసపోతుంది. దానికి తెలిసింది యజమాని బూట్ల వాసన. లోపలి మనిషి మారిన సంగతి అది గమనించలేదు.

కుక్క తప్పా? మనిషి తప్పా?

కుక్క చూపిన మనిషే దొంగ అని మనం గట్టిగా అనుకుంటాం. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి.

అమెరికాలో 2011లో వెలువడిన ఒక పరిశోధన చూడండి. మాదకద్రవ్యాలను, పేలుడు పదార్థాలను వెతికే 18 కుక్కల్ని, వాటి శిక్షకులతో సహా ఒక భవనంలో వెతకమన్నారు. ‘ఎర్ర కాగితం ఉన్న చోట సరుకు ఉంది’ అని శిక్షకులకు చెప్పారు. నిజానికి ఆ భవనంలో ఎక్కడా ఏ సరుకూ లేదు. మొత్తం 144 సార్లు వెతికారు. అందులో 21 సార్లు మాత్రమే ‘ఏమీ దొరకలేదు’ అన్న సరైన జవాబు వచ్చింది. మిగతా అన్నిసార్లూ కుక్క ఏదో చూపిందని శిక్షకులు చెప్పారు.

కుక్కలు అబద్ధమాడాయా? కాదు. సరుకు ఎక్కడుందో తనకు తెలుసని నమ్మిన శిక్షకుడు అక్కడ అడుగు నెమ్మదిస్తాడు. ఊపిరి బిగబడతాడు. తాడు మీద అతని చేయి మారుతుంది. కుక్కకు ఇదంతా తెలుస్తుంది. లేదా కుక్క ఊరికే తల తిప్పినా ‘అదిగో చూపింది’ అని మనిషే అనుకుంటాడు.

మన సుప్రీంకోర్టు కూడా 1969 నాటి ఒక కేసులో పోలీసు కుక్క చూపిన ఆనవాలుకు ఎక్కువ బరువు ఇవ్వలేదు. కుక్క బోనెక్కి ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. దాని ప్రవర్తనకు అర్థం చెప్పేది మనిషే. ఒకరి ప్రాణం, స్వేచ్ఛ కుక్క ఊహ మీద ఆధారపడరాదన్న అభ్యంతరాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. కుక్క దారి చూపవచ్చు, రుజువును మాత్రం వేరే వెతకాలి.

అందుకే మంచి శిక్షణలో జాడ ఎటు పోయిందో శిక్షకుడికి కూడా తెలియనివ్వరు. మూడో మనిషి జాడ వేస్తాడు. శిక్షకుడు తాడు వదులుగా పట్టుకొని కుక్క వెనక పోతాడు. కొన్నిసార్లు అసలు జాడే లేని పొలంలో కుక్కను వదులుతారు. అప్పుడు ‘లేదు’ అని చెప్పిన కుక్కే గొప్పది. చూశారా, ఈ బడిలో కుక్కపిల్ల ఒక్కటే విద్యార్థి కాదు. మనిషి కూడా విద్యార్థే. కుక్క నేర్చుకొనేది ఒక వాసనకు కట్టుబడటం. మనిషి నేర్చుకొనేది తన ఊహల్ని తాడు గుండా పంపకుండా ఉండటం.

అడవికి కాపలా

ఈ బడి ఇప్పుడు ఎక్కడుంది? హైదరాబాదు దగ్గర మొయినాబాదులో పోలీసు జాగిలాలకు, వాటి శిక్షకులకు కలిపి శిక్షణ ఇచ్చే అకాడమీ ఉంది. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం వారి జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. 2008 నుంచి మన దేశంలో అటవీ శాఖల కోసం కూడా కుక్కల్ని తయారుచేస్తున్నారు. ఇవి పులి చర్మం, ఎముకలు లాంటివి ఎక్కడ దాచినా పట్టుకోవడం నేర్చుకుంటాయి. వేటకుక్క విద్య వేటగాడి మీదికే తిరిగిందన్నమాట!

నల్లమలలో ఒకప్పుడు కుక్కలతో వేటాడిన చెంచుల వారసులు ఇప్పుడు అటవీ శాఖలో కాపలాదారులుగా పనిచేస్తున్నారు. పులి అడుగుజాడల్ని చూసి అది ఎటు పోయిందో చెబుతున్నారు. కుక్క ముక్కుతో చదివే జాడను వాళ్లు కంటితో చదువుతారు.

పల్నాటి నుంచి చూస్తే ఇదే నల్లమలకు అవతలి వైపు, నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. బురద, రాళ్లు, ఇనుము కలిసి సొరంగం పూడిపోయింది. ఎక్కడ తవ్వాలి? మాయ, మర్ఫీ అనే కేరళ పోలీసు జాగిలాలను తెచ్చారు. మరణించిన మనిషి వాసనను మాత్రమే వెతకడం వాటికి నేర్పిన విద్య. డీజిలు, నూనె, చెమట, బురద, ఇన్ని వాసనల మధ్య అవి ఆ ఒక్క వాసననే వెతికాయి. అవి చూపిన చోట తవ్వగా మార్చి 9న ఒకరి దేహం బయటపడింది. ప్రాణాలు దక్కలేదు. కాని ఎక్కడో దూరాన ఎదురుచూస్తున్న ఒక కుటుంబానికి తమవాడి కడసారి చూపు దక్కింది.

మీరే చేసి చూడండి

కుక్క లేకుండానే మీరు ఈ ప్రయోగం చేయవచ్చు. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పచ్చిక మీద 10 మీటర్ల పొడవున చాక్లెట్ వాసన జాడ వేసి, 32 మందిని కళ్లకు గంతలు కట్టి, చేతులతో తడిమే వీలు లేకుండా చేసి, నేల మీద పాకుతూ వెతకమన్నారు. 21 మంది జాడ వెంట చివరిదాకా పోగలిగారు! కొన్నాళ్లు సాధన చేసినవారి వేగం రెట్టింపయింది. ఒక ముక్కు రంధ్రం మూస్తే మాత్రం తడబడ్డారు.

మీరు 10 మీటర్ల నూలు తాడును ఏలకుల పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి, కాస్త పిండి, బడి మైదానంలో గడ్డి మీద ఒక వంపు పెట్టి పరవండి. ముందే ముళ్లు, గాజు పెంకులు ఏరివేయండి. మిత్రుడికి కళ్లకు గంతలు కట్టి, చేతులకు మందపాటి తొడుగులు వేసి, తాడు మొదట్లో కూర్చోబెట్టండి. ఎంత సేపట్లో చివరికి చేరాడో రాసుకోండి. వారం రోజులు రోజూ చేయండి. ఒక ముక్కు రంధ్రం మూసి చేయండి. ఉదయం ఒకసారి, ఎండలో ఒకసారి చేసి తేడా చూడండి. తాడు ఎక్కడుందో తెలిసినవాళ్లెవరూ పక్కన నిలబడి ‘ఊఁ, ఆఁ’ అనకూడదు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు!

ఒక హెచ్చరిక. తెలియని కుక్కలతో ప్రయోగాలు చేయకండి. కుక్క కరిచినా, గీరినా ఆ చోటును వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

ఇక మీదట ఏ వీధి కుక్కైనా ముక్కు నేలకు ఆనించి వెళుతూ కనిపిస్తే, దూరంగా నిలబడి ఒక్క నిమిషం చూడండి. ఎక్కడ ఆగింది? ఎక్కడ తల ఎత్తింది? ఎక్కడ తోక కదిలింది? మన కంటికి ఏమీ కనిపించని ఆ నేల మీద రాత్రి ఎవరు నడిచారో, ఎటు పోయారో అది చదువుకుంటున్నది.